నేను పుట్టించని నూరి

మదనపల్లెలో నన్నెరిగినవాళ్లు "రెడ్డప్ప సార్ కంప్యూటర్ కంపెనీలో చేసి రిటైరైనాడు" అని చెప్పుకుంటారు. కంప్యూటర్ గురించి నాకు తెలిసింది టైపు కొట్టడం వరకే. నేను చేసింది వీడియో ఆటలకు కథ రాసే పని. అందులోనూ ముఖ్యంగా హీరోను పుట్టించే పని.

ఇట్లాంటి పని ఒకటుందని మా తరంలో ఎవరికీ తెలీదు. ఇప్పుడు మా పక్క నుంచే, మదనపల్లె నుంచీ కుప్పం నుంచీ, పిల్లలు ఇందులోకి వస్తున్నారు. కొందరు ఇంటికొచ్చి "సార్, జనానికి మనవాడే అనిపించే హీరోను ఎట్ల రాయాల?" అని అడిగినారు. నోటితో చెప్పబోతే సరిగ్గా రాలేదు. అందుకే రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్లు, కంపెనీ బోర్డు ఎన్నిసార్లు మారిందీ, అవన్నీ వదిలేస్తాను. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. మేము చేసిన ఆటల్లో జనం నెత్తిన పెట్టుకున్న హీరో ఒకతే. పేరు నూరి. ఆమెను పుట్టించింది నేను కాదు, నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. మా తంబళ్లపల్లె వైపు అసూయ అనే పెద్ద మాట ఎవరూ వాడరు. కుళ్ళు అంటారు. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం నాతో కలిసి పనిచేసింది అదే.

వేషం కట్టేది ఆడేవాళ్లు

మావి రోల్ ప్లేయింగ్ గేమ్స్. సినిమాలో హీరోను కూర్చుని చూస్తాం. ఇందులో ఆ వేషం ఆడేవాళ్లే కట్టుకుంటారు. హీరో ఎక్కడికి నడవాలి, ఎవరిని పలకరించాలి, అడిగినదానికి ఏం బదులు చెప్పాలి, అన్నీ వాళ్లే బటన్ నొక్కి ఎంచుకుంటారు. దారిలో ఎదురైన ప్రతివాళ్లూ హీరోను ఏదో ఒక పని అడుగుతారు. తప్పిపోయిన గొర్రెను వెతికిపెట్టమంటారు. గుట్ట మీది నుంచి మూలిక తెమ్మంటారు. పక్క ఊర్లో ఉండే కూతురికి మాట చెప్పి రమ్మంటారు. ఆ చిల్లర పనులు చేసుకుంటూ పోతేనే పెద్ద కథ కదులుతుంది.

నేను ఇందులోకి రాకముందు హైదరాబాదులో టీవీ సీరియళ్లకు మాటలు రాసేవాణ్ణి. అక్కడ ఏడవమని రాస్తే పాత్ర ఏడుస్తుంది. పని అయిపోతుంది. ఇక్కడ అట్ల కుదరదు. వేషం కట్టుకున్నవాడికి ఆ ఏడుపు రాకపోతే, నువ్వు ఎంత బాగా రాసినా వాడు బటన్ నొక్కి దాటేసిపోతాడు. ఈ సంగతి అర్థం కావడానికి నాకు ఒక ఆట మొత్తం పట్టింది.

వీరకేతుడు

మా కంపెనీ పెట్టింది కృపాకర్ అనే ఆయన. కుప్పం మనిషి. బెంగుళూరులో మొదలుపెట్టి, అక్కడ అద్దెలు తట్టుకోలేక మదనపల్లెకు మార్చినాడు. టమోటా మార్కెట్‌కు పోయే రోడ్డులో ఒక మిద్దె పైన ఆఫీసు. సీజన్‌లో కిటికీ తెరిస్తే లారీల హారన్లు, కుళ్ళిన టమోటాల వాసన. ఆ వాసనలో కూర్చుని నేను ఒక రాజ్యాన్ని కట్టినాను. పేరు రాళ్లసీమ. దాని హీరో వీరకేతుడు.

వీరకేతుడు రాజకుమారుడు. తండ్రిని మోసం చేసి చంపినారు. రాజ్యం పోయింది. పగ తీర్చుకుంటానని ప్రమాణం చేసినాడు. కత్తి, విల్లు, గుర్రపుస్వారీ, అన్నీ వచ్చు. అబద్ధం ఆడడు. దేనికీ బెదరడు. అతని మాటలు నేను చెక్కి చెక్కి రాసినాను. ఒక్కొక్కటీ రాతి మీద శాసనం మాదిరి ఉండేది. నాకు నేనే చదువుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆట బయటికి పోయేముందు కొందరి చేత ఆడించి చూస్తాం. కుప్పం నుంచి కాలేజీ పిల్లలు వచ్చినారు. మేము వాళ్ల వెనకాల కూర్చుని చూడాలి, నోరు తెరవకూడదు. అది నియమం. నా ఎదురుగా కూర్చున్న పిల్లోడు మొదటి పది మాటలు చదివినాడేమో. ఆ తర్వాత వీరకేతుడు నోరు తెరిచేలోపలే ఠక్కుమని బటన్ నొక్కి దాటించేసినాడు. ఇంకో మాట. ఠక్. తండ్రి చితి ముందర ప్రమాణం చేసే సన్నివేశం నేను నెల పాటు రాసింది. ఠక్, ఠక్, ఠక్.

తర్వాత ఒక ముసలమ్మ ఎదురై, తన గొర్రె తప్పిపోయింది, వెతికి పెట్టమని వీరకేతుణ్ణి అడిగింది. పిల్లోడు పక్కవాడి వైపు తిరిగినాడు.

"రాజకుమారుడికి గొర్రెను ఎతికే పని యాలప్పా? బంట్లు ఎవురూ లేరా?"

"సార్‌గారు యాడికైనా పోతాడులే, ఖాళీగా ఉండాడు కదా" అన్నాడు పక్కవాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వినారు.

ఆ పొద్దు నుంచి మా ఆఫీసులో వీరకేతుడికి 'సార్‌గారు' అనే పేరు ఖాయమైపోయింది. పిల్లలకు చదివే ఓపిక లేదని నేను కృపాకర్‌తో వాదించినాను. ఆట బయటికొచ్చింది. బొమ్మలు బాగున్నాయన్నారు, యుద్ధాలు బాగున్నాయన్నారు. హీరో గురించి మంచీ చెడూ ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండేది.

షంషాద్

అదే రాళ్లసీమలో నడిచే తర్వాతి ఆటకు కృపాకర్ ఇంకొక రచయితను తెచ్చి నా పక్కన కూర్చోబెట్టినాడు. షంషాద్‌ది పుంగనూరు. కుప్పంలో చదువుకుని, పుంగనూరులోనే ఒక స్కూల్లో తెలుగు చెప్తూ పిల్లల చేత నాటకాలు వేయించేది. నాకంటే చాలా చిన్నది. ఇంట్లో దఖనీ ఉర్దూ, వీధిలో తెలుగు, కుప్పం పోతే తమిళం, కన్నడం. నాలుగు భాషల్లో జగడం ఆడగలదు. నన్ను 'రెడ్డప్పన్నా' అని పిలిచేది.

ఇద్దరినీ చెరొక హీరోతో రమ్మన్నాడు కృపాకర్. నేను వీరకేతుడి కొడుకును తీసుకుపోయినాను. నా వంతు అయినాక షంషాద్ లేచింది.

"పేరు నూరి సార్. ఊరూరూ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేస్తాది. మా మామ ఆ పనే చేస్తాండె. సైకిల్ మీద సదుం దాకా పోతాండె. ఈమెకు కత్తి తిప్పేది రాదు. ఈమెకుండే జబ్బు ఒకటే. ఎవురేమడిగినా కాదనలేదు."

"కాదనలేకపోతే ఏమవుతుంది?" అన్నాడు కృపాకర్.

"మన మాదిరే అవుతాది సార్. పొద్దున మా వదిన ఫోన్ చేసి, పిండిమిషన్ కాడికి పోయిరామ్మా అనింది. ఆఫీసుకు లేటయితాదని నాకు తెలుసు. అయినా నోట్లోంచి 'చూస్తాలే' అని వచ్చేసింది. ఈ పొద్దు లేటుగా వచ్చింది అందుకే."

గదిలో అందరూ నవ్వినారు. నేను నవ్వలేదు. నాకు కడుపులో పచ్చిమిరపకాయ చీల్చి పెట్టినట్టయింది. ఎందుకో చెప్తాను. ఈ రకం ఆటల్లో పెద్ద ఇబ్బంది ఏమంటే, లోకాన్ని కాపాడాల్సిన హీరో ముసలమ్మ గొర్రెను ఎందుకు వెతకాలి అనేది. కుప్పం పిల్లోడు నవ్వింది దానికే. నేను ఆ ఇబ్బందిని పెద్ద పెద్ద మాటలతో కప్పిపెట్టబోయినాను. షంషాద్ దాన్నే తీసి హీరో గుణం చేసేసింది. కాదనలేని మనిషి కాబట్టి అడిగినవన్నీ చేస్తుంది. ఆడేవాళ్లు బటన్ నొక్కిన ప్రతిసారీ 'అయ్యో, మళ్లీ ఒప్పుకున్నానే' అని తమను తాము తిట్టుకుంటారు. వాళ్లకు తెలీకుండానే నూరి అయిపోతారు. ఇది ఆ గదిలో అందరికంటే ముందు అర్థమైంది నాకే.

కృపాకర్ ఇంకా తటపటాయిస్తున్నాడు. హీరో అంటే కొంచెం బలం ఉండాల కదా అంటున్నాడు. ఆమె మాట తెగిపోవాలనే నేను ఒక ప్రశ్న వేసినాను.

"అంతా బాగుండాదమ్మా. కాదనలేని మనిషి కథ చివర్లో ఏం చేస్తాది? అప్పుడు కూడా చూస్తాలే అంటాదా?"

షంషాద్ నా వైపు తిరిగింది. "తెలీదన్నా. మంచి ప్రశ్న అడిగినావు" అని కూర్చుంది.

ఆ వారం అంతా ఆమె అదే ప్రశ్న పట్టుకుని తిరిగింది. చివరికి ఏం చేసిందంటే, ఆట మొదటి నుంచి నూరికి ఎంచుకోవడానికి వచ్చే మాటల్లో ఎక్కడా 'కాదు' అనే మాట పెట్టలేదు. 'సరే', 'చూస్తాలే', 'రేపు చేస్తే పర్వాలేదా', ఇంతే. కథ చివర్లో రాజుగారి మనిషి నూరిని పిలిచి, రాణి వంటపాత్రలకు కళాయి సరిగ్గా పడకుండా చూడమంటాడు. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే చిలుము విషమవుతుంది. అప్పుడు, ఆట మొత్తంలో మొదటిసారి, తెర మీద ఒక కొత్త మాట కనిపిస్తుంది. 'కుదరదు.'

మళ్లీ కుప్పం పిల్లల్ని పిలిచి ఆడించినాము. మాటలు దాటించే బటన్ జోలికి ఎవరూ పోలేదు. చివర్లో ఆ మాట కనిపించగానే ఒక అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. "వచ్చిండాది! వచ్చిండాది సూడు!" అని అరిచి, నొక్కిన చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

నేను ఎగతాళికి వేసిన ప్రశ్నలోంచి ఆమె అది పిండుకుంది. నా దగ్గర ఉన్నంతకాలం ఆ ప్రశ్న నాకు ఏమీ ఇవ్వలేదు.

కుళ్ళు ఎట్లుంటుంది

పెద్దవాళ్లు తమ ఉద్యోగాల గురించి రాసేటప్పుడు ఈ భాగం వదిలేస్తారు. నేను వదలను. మీకూ వస్తుంది కాబట్టి.

నూరి ఆట ఎంతగా పాకిందంటే, బస్సులో నా పక్క సీటు పిల్ల ఫోన్ వెనకాల నూరి బొమ్మ ఉండేది. కళాయి బట్టీ ముందర గొంతుక్కూర్చుని, నుదుటి మీద మసి. ఆ పిల్లతో 'నేనూ ఆ ఆఫీసులోనే చేస్తానమ్మా' అని చెప్పాలనిపించింది. చెప్తే 'నూరిని మీరే రాసినారా?' అని అడుగుతుంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంట్లోనూ తప్పించుకోలేకపోయినాను. నా భార్య లలిత నూరి వచ్చేదాకా ఆటల మొహం చూసింది కాదు. ఒక పొద్దు చిక్కుడుకాయలు ఒలుస్తూ అనింది.

"మీ నూరిని చూస్తే మా చిన్నమ్మే గుర్తుకొస్తాది. ఎవురి పనైనా నెత్తికెత్తుకుంటాది, ఇంటికొచ్చి నడుము పట్టుకుంటాది. ఎంత బాగా రాసినారో!"

"వీరకేతుడు?" అన్నాను.

"ఆయనెవురు?" అనింది.

షంషాద్ రాసిన కాగితాల్లో తప్పులు వెతికేవాణ్ణి. దొరికేవి. ఒత్తులు తప్పు రాసేది, ఒక ఊరి పేరు రెండు రకాలుగా రాసేది. దిద్ది ఇస్తే "థాంక్సన్నా" అని తీసుకునేది. దానివల్ల నా మంట తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యేది. కుళ్ళుకునే మనిషికి అవతలివాళ్లు మంచివాళ్లయితే అంతకంటే కష్టం లేదు. కనీసం కోపం చేసుకోవడానికి కూడా దారి ఉండదు.

అయితే ఈ కుళ్ళులో ఒక నిజాయితీ ఉంది. మనకు బాగా నచ్చిన పనిని పొగిడేటప్పుడు మొహమాటానికి నాలుగు మాటలు కలుపుతాం. కుళ్ళుకు మొహమాటం తెలీదు. నాసిరకం పనిని చూసి ఎవరికీ కడుపు మండదు. మీ కడుపు ఏ పేజీ దగ్గర మండిందో అక్కడ ఆగి, ఆ పేజీ ఎట్ల కట్టినారో విప్పి చూసుకోండి. ఏ క్లాసులోనూ అంత చెప్పరు.

కృపాకర్ అడిగే ఒకే ప్రశ్న

బాసుల గురించి కూడా రెండు మాటలు. కృపాకర్ నేను రాసిన కాగితాల్లో రెండో పేజీ దాటి ఎప్పుడూ చదవలేదు. మీటింగులో తను చెప్పిందే మళ్లీ చెప్పేవాడు. బెంగుళూరు నుంచి ఎవరైనా వచ్చి కొత్త మాట అంటే వారం రోజులు దాని వెంట పడేవాడు. రచయితలకు ఇట్లాంటి బాసు నరకమే.

కానీ ఆడించి చూసేటప్పుడు మా వెనకాల నిలబడి ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది. "చెయ్యి యాడ ఆగింది?"

ఆడేవాళ్ల చెయ్యి బటన్ మీద ఎక్కడ ఆగింది అని. నచ్చిందా అని ఎప్పుడూ అడిగేవాడు కాదు. నచ్చింది అని మర్యాదకు ఎవరైనా అంటారు, చెయ్యి మర్యాద చెయ్యదు అనేవాడు. నా రాత గురించి నాకు దొరికిన విమర్శలన్నీ ఒక పక్క, ఈ ప్రశ్న ఒక పక్క.

నూరి నా చేతికొచ్చింది

షంషాద్‌కు హైదరాబాదులో పెద్ద కంపెనీలో పని దొరికింది. పోయింది. నూరి రెండో భాగం నాకు అప్పగించినారు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ స్వీట్లు కొనుక్కుపోయినాను. ఎందుకని లలిత అడిగితే ఊరికే అన్నాను.

ఇంక చూడండి, నూరిని నేను బాగు చేసినాను. ఎట్లాగూ 'కుదరదు' అనడం నేర్చుకుంది కదా అని ధైర్యం ఇచ్చినాను. నడుముకు చిన్న కత్తి కట్టినాను. ఊరి పెద్దల ముందర నిలబడి న్యాయం గురించి మాట్లాడించినాను. ఆ మాటలు మళ్లీ చెక్కి చెక్కి రాసినాను.

కుప్పం నుంచి పిల్లలు వచ్చినారు. నూరి మొదటి భాగాన్ని ప్రాణంగా ఆడినవాళ్లు. గంట సేపు ఆడినారు. "బాగుండాది సార్" అన్నారు అందరూ. ఒకమ్మాయి మాత్రం పోతూ పోతూ ఆగి, నొచ్చుకుంటూ అడిగింది.

"సార్, నూరి యాడికి పోయింది?"

"ఈమే కదమ్మా నూరి."

"ఈమె కాదు సార్. ఈమె..." అని వెతుక్కుంది. పక్కనుండే అబ్బాయి, అప్పట్లో వీరకేతుణ్ణి కూడా ఆడినవాడు, నోరు జారినాడు. "సార్‌గారే చీర కట్టుకోనొచ్చినట్టుండాడు సార్."

కృపాకర్ విన్నాడు. నవ్వలేదు. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసినాడు. ఈ ఆట పడిపోతే మదనపల్లె ఆఫీసు నడవదని, ఇక్కడ చేసేవాళ్లందరూ మళ్లీ బెంగుళూరు బస్సు ఎక్కాల్సిందేనని చెప్పినాడు. అందులో పెద్దతిప్పసముద్రం నుంచి రోజూ వచ్చిపోయే ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు. "షంషాద్‌ను అడగండి సార్" అన్నాడు చివరికి.

ఆ మాట నాకు ఎట్ల తగిలిందో మీరే ఊహించుకోండి.

పుంగనూరులో

పోకుండా ఉండలేకపోయినాను. ఆదివారం షంషాద్ అమ్మగారింటికి వచ్చిందని తెలిసి పుంగనూరు బస్సెక్కినాను. సందులో చివరి ఇల్లు. లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది. వాళ్లమ్మ గుమ్మం పక్కన బియ్యం ఏరుతోంది.

"నూరి రావడంలేదమ్మా" అన్నాను.

"యాడ వెతుకుతాండావన్నా?"

"నువ్వు రాసిన దాంట్లోనే. ఎన్నిసార్లు చదివినానో!"

"ఆడ ఇంక ఏమీ లేదు. కాదనలేకపోయేది నా జబ్బు. దాన్ని పిండి పిండి ఆమెకు పెట్టేసినా. నీకు ఆ జబ్బు లేదు కదన్నా, నువ్వు బాగానే కాదంటావు." నవ్వింది. "నీ దగ్గరుండేది పెట్టు."

"నా దగ్గర ఏముండాది?"

షంషాద్ టీ గ్లాసు కింద పెట్టింది. "చెప్తే కోపం చేసుకోవు కదా?"

"చెప్పు."

"నీకు నా మీద కుళ్ళు."

గుమ్మం దగ్గర బియ్యం చప్పుడు ఆగిపోయింది. వాళ్లమ్మ దఖనీలో ఏదో గట్టిగా కసిరింది. ఇంటికొచ్చిన పెద్దాయనతో ఆ మాటలేమిటని అయ్యుంటుంది. షంషాద్ ఆమెకు చెయ్యి చూపించి, నా వైపే చూస్తూ ఉంది. లేదని అనబోయినాను.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"నీ మొహం ఏమీ దాచలేదన్నా. నేనేం తప్పు పట్టడంలేదు. నాకు ఒకటే అనిపిస్తాది. నూరి మాదిరి మంచి మనిషికి కుళ్ళు వస్తే ఏం చేస్తాది? చెడ్డవాళ్లయితే ఆడిపోసుకుంటారు, అయిపోతాది. మంచిదని పేరు తెచ్చుకున్న మనిషి ఆ కుళ్ళును యాడ పెట్టుకుంటాది? నాకు తెలీదు. నీకు తెలుసు."

ఆమె ఎగతాళి చేస్తోందేమో అని మొహంలోకి చూసినాను. లేదు. నిజంగానే తెలుసుకోవాలనే అడుగుతోంది. అన్నం తిని పొమ్మన్నారు. తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు.

మల్లి

మళ్లీ మొదటి నుంచి రాసినాను. కత్తి తీసేసినాను. ఊరి పెద్దల ముందర ప్రసంగం తీసేసినాను. ఒక మనిషిని మాత్రం కొత్తగా తెచ్చినాను. మల్లి. నూరి కంటే చిన్నది, కళాయి పనే చేస్తుంది, చేతిలో పనితనం ఉంది. పైగా మంచిది.

ఇదీ సన్నివేశం. ఎప్పుడూ నూరి కోసం గిన్నెలు దాచిపెట్టే ఒక ఇల్లాలి ఇంటికి నూరి పోతుంది. ఆమె నవ్వుతూ "నిన్ననే మల్లి వచ్చి వేసిపోయిందమ్మా" అంటుంది. గిన్నె తెచ్చి చూపిస్తుంది. లోపల వెన్నెల మాదిరి మెరుస్తుంటుంది. "ఎట్లుండాది? నువ్వు చూసి చెప్పు, నీకంటే తెలిసినోళ్లెవరు" అంటుంది. నూరికి రెండు మాటలే ఉంటాయి ఎంచుకోవడానికి. ఒకటి, 'బాగుంది'. రెండు, 'పూత పల్చగా పడింది'.

పూత పల్చగా లేదు. అది చూసేవాళ్లకూ తెలుసు.

రెండోది ఎంచుకుంటే ఎవరూ నూరిని తప్పు పట్టరు. శిక్ష ఏమీ ఉండదు. నూరి ఎన్నడూ అబద్ధం ఆడలేదు కాబట్టి ఊరు నమ్మేస్తుంది. అంతే. తర్వాత ఊర్లలో మల్లి మళ్లీ కనిపించదు. ఆమె బట్టీ పెట్టుకునే చోట బూడిద మాత్రం ఉంటుంది. మల్లిని వెతికి తెమ్మని నూరిని ఎవరూ అడగరు. ఇప్పటిదాకా నూరి అడిగినవాళ్ల పనే చేసింది. ఎవరూ అడగకుండా తానే కదలాల్సిన పని ఇదొక్కటే. ఆడేవాళ్లు పోతే పోవచ్చు, లేకుంటే అట్లే ముందుకు సాగిపోవచ్చు.

ఆ ఇల్లాలి గొంతులో మాటలు రాసేటప్పుడు నాకు బస్సులో ఆ పిల్ల ఫోన్, చిక్కుడుకాయలు ఒలిచే లలిత చేతులు, స్వీట్ల పొట్లం, అన్నీ కళ్లముందర తిరిగినాయి. చెక్కాల్సిన పని పడలేదు. మాటలు చిన్నవిగా, ఉన్నవి ఉన్నట్టు వచ్చినాయి.

ఆడించి చూసే పొద్దు వచ్చింది. గిన్నె దగ్గరికి వచ్చినాక నా ఎదురుగా ఉన్న అమ్మాయి చెయ్యి బటన్ మీద ఆగిపోయింది. 'బాగుంది' మీదికి పోయింది, వెనక్కి వచ్చింది. చుట్టూ ఎవరైనా చూస్తున్నారా అని చూసింది. తర్వాత 'పూత పల్చగా పడింది' నొక్కి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, మల్లిని వెతకడం మొదలుపెట్టింది. మిగిలిన కథంతా పక్కన పెట్టి రాళ్లసీమ ఊర్లన్నీ తిరిగింది.

వెనకాల కృపాకర్ ఏమీ అడగలేదు. నా భుజం మీద చెయ్యి వేసి నొక్కినాడు.

రెండో భాగం నిలబడింది. ఆఫీసూ నిలబడింది. మీరు ఈ పనిలోకి వస్తే నా నుంచి తీసుకోదగ్గది ఇదొక్కటే అనుకుంటాను. హీరోకు ఏ మంచి గుణం పెట్టాలా అని ఆలోచించకండి. మీలో ఏది ఎవరికీ తెలీకూడదని దాచుకుంటారో అందులోంచి కొంచెం తీసి, మీకంటే మంచి మనిషికి పెట్టండి. జనం ఆ మనిషిలో తమను చూసుకుంటారు.

కుప్పంలో

ఆ తర్వాత కుప్పంలో ఒక కాలేజీవాళ్లు నూరిని పుట్టించిన రచయితతో మాట్లాడాలని సభ పెట్టినారు. పిలిచింది షంషాద్‌ను. నన్నూ పిలిచినారు, ఆమె పక్కన కూర్చోవడానికి. కార్డు మీద నా పేరు చిన్న అక్షరాల్లో ఉంది. పోకూడదనుకున్నాను. లలిత చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. పోయినాను.

హాలు నిండిపోయింది. అన్ని ప్రశ్నలూ షంషాద్‌కే. నేను నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. ఒకమ్మాయి లేచి మైకు తీసుకుంది.

"మేడమ్, గిన్నె దగ్గర నేను పూత పల్చగా ఉండాదని నొక్కినా. మా అక్కంటే నాకు శానా ఇష్టం మేడమ్. కానీ ఆమెకు ముందు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి నాకు లోపల... ఎవురితోనూ చెప్పుకోలేదు. ఆటలో అది నొక్కినాక ఇంటికి పోయి మా అక్కతో చెప్పేసినా. ఇద్దరం ఏడ్చినాం. ఆ సీను మీరెట్ల రాసినారు మేడమ్?"

చెయ్యి ఎత్తాలనిపించింది. అది నాది అని అరవాలనిపించింది.

షంషాద్ మైకు నోటి దగ్గరికి తీసుకుంది. "నేను రాయలేదమ్మా. అది అన్న రాసినాడు, ఈన, రెడ్డప్పన్న. నేను రాసింటే అట్ల వచ్చేది కాదు. ఆ సీను దగ్గర నా చెయ్యీ ఆగింది." అని మైకు నా చేతిలో పెట్టింది.

చప్పట్లు చాలాసేపు మోగినాయి. నేనేం మాట్లాడినానో సరిగ్గా గుర్తులేదు. ఆ చప్పట్ల కోసం నేను ఎన్నేళ్లు కాచుకున్నానో! తీరా వచ్చినప్పుడు మనసంతా ఇంకొకదాని మీద ఉంది. అంత సులువుగా ఎట్ల ఇచ్చేసింది? ఆ కుర్చీలో నేనుండి, ఆ ప్రశ్న నన్నే అడిగి ఉంటే, 'అందరం కలిసి రాసినాములేమ్మా' అనేవాణ్ణి. అబద్ధం కాదు, నిజమూ కాదు. నాకు నేను బాగా తెలుసు. తిరుగు ప్రయాణంలో కారు కిటికీ పక్కన కూర్చుని, ఈసారి ఆమె రాతను చూసి కాకుండా ఆమె మనసును చూసి కుళ్ళుకున్నాను.

ఆడేవాడిగా

నేను రిటైరైనాక కృపాకర్ షంషాద్‌ను మళ్లీ పిలుచుకున్నాడు. మూడో భాగం ఆమె రాసింది. బయటికొచ్చిన రోజు ఆఫీసు నుంచి నాకు ఊరికే పంపుతామన్నారు. వద్దని, అందరి మాదిరే కొనుక్కున్నాను. మధ్యాహ్నం భోజనం అయినాక ఇంట్లో కూర్చుని మొదలుపెట్టినాను. లలిత పక్కన కూర్చుని చూస్తానంది.

ఇందులో నూరికి చూపు తగ్గుతోంది. ఎవరికీ చెప్పదు. గిన్నె లోపల కళాయి పడిందో లేదో వేలితో తడిమి తెలుసుకుంటుంది. ఒక ఊర్లో చిన్న పిల్ల "నీకు కనపడదా?" అని అడుగుతుంది. ఎంచుకోవడానికి మాటలు వచ్చినాయి. నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లు ఇట్లాంటి మాటలు రాసిన నాకు ఏది నొక్కాలో తెలీలేదు. లలిత "ఏమండీ, చెప్పేయమనండి ఆమెను" అంటూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అప్పుడు వచ్చింది, కడుపులోంచి, ఆ పాత మంట. ఇది నాకెందుకు తట్టలేదు?

ఆట అక్కడే ఆపి షంషాద్‌కు ఫోన్ చేసినాను. ఒక్క రింగుకే తీసింది.

"ఆడినావా అన్నా? ఎట్లుండాది?"

"నాకు కుళ్ళుగా ఉండాదమ్మా" అన్నాను.

అవతల గుండెల్లోంచి గాలి వదిలిన చప్పుడు, వెంటనే దేవుడికి దండం పెట్టే మాట.

"అల్‌హమ్దులిల్లా" అనింది షంషాద్.